అందరూ కాపాడినవాళ్ళే

మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీలో, ఎనభై నాలుగు మే నెల హిందూ ముస్లిం గొడవల్లో ఎవ్వరూ ఎవరికీ ఏ చెడూ చేయలేదు. ఈ సంగతిని ఇరవై ఏళ్ళ తరువాత, 2004లో, అక్కడి ఒక తెలుగు బడి ఏడో తరగతి పిల్లలు రాతపూర్వకంగా తేల్చారు.

ఆ బడిలో ఏటా ఆగస్టులో సద్భావన దినం జరిపేవారు. కాగితం పావురాలు, ఒక ప్రతిజ్ఞ, తలా ఒక అరటిపండు. పండు తిన్నాక ఎవరికీ ఎవరిమీదా ద్వేషం ఉండేది కాదు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఫేబీ టీచర్‌కు మాత్రం ఇది చాలలేదు. ఆ గొడవల్లో మీ ఇంటివాళ్ళు ఏం చేశారో అడిగి, పేర్లతో సహా ఒక పేజీ రాసుకురమ్మంది.

ముప్ఫై రెండు పేజీలు వచ్చాయి. ముప్ఫై ఒకటింటిలో ఒకటే కథ: మా తాత పక్కింటి ముస్లింలను దాచాడు. ఒక తాతయితే ఒక్క మంచం కిందే తొమ్మిది మందిని దాచాడు. టీచర్ కూడి చూస్తే రెండు వందల మంది పైనే దాగారు. ఇళ్ళూ, సాంచాలనే మరమగ్గాలూ మరి వాటంతట అవే అంటుకున్నట్టున్నాయి.

మిగిలిన ఆ ఒక్క పేజీ సాక్షిది. ఆమె తాత ఓదెలు సిరిసిల్ల వైపు నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు భివండీ వచ్చి, అక్కడి గైబీ నగర్‌లో ముప్ఫై ఐదేళ్ళు సాంచాలు నడిపాడు. ఆ చప్పుడుకు చెవులు మందగించాయి. ఇష్టం లేని ప్రశ్నలు వినబడకపోవడమనే సౌకర్యం దానితోపాటే దక్కింది.

"తాతా, గొడవలల్ల నువ్వేం చేసినవ్?" అని సాక్షి మూడుసార్లు అడిగాక వినబడింది.

"మనం గూడ దాచినమని రాయి."

"ఎందరిని?"

"నలుగుర్ని."

"పేర్లేంది?"

ఓదెలు పేర్ల కోసం వెతుక్కున్నాడు. పక్క సాంచాల మీద పనిచేసినవాళ్ళ పేర్లు ఎన్నో తెలుసు. వాళ్ళలో ఒక్కరిని దాచానని చెప్పడానికి కూడా నోరు రాలేదు. చివరికి గోడవారగా ఉన్న కుట్టు మిషన్ వైపు చూపించాడు.

"గా మిషిను మనది గాదు బిడ్డా. గొడవలల్ల ఒకరింటి తలుపు పగిలున్నది. అందరు లోపటికి పోతున్నరు. నేను గూడ పోయిన. తెచ్చిన."

"తెస్తుంటె ఏమనిపించింది?"

"బరువున్నదనిపించింది."

ఆ మిషన్ మీద కుట్టిన యూనిఫాం వేసుకునే సాక్షి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసింది.

హెడ్మాస్టరు ఆ పేజీ చదివి నొచ్చుకున్నారు. "సద్భావన నాడు దొంగతనాల ముచ్చటెందుకు మేడం? పిల్లల మనసులు ఖరాబైతయి" అన్నారు. మంచం కింద తొమ్మిది మంది కథ ఆయనకు బాగా నచ్చింది. దాన్ని మైకులో చదివించారు. ఇంట్లో ఓదెలు కొడుకు అంకుశం, తమ ఇజ్జత్ పోయిందని రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. మిషన్ ఇంట్లో ఉన్న ఇరవై ఏళ్ళూ ఆ ఇజ్జత్ భద్రంగానే ఉంది.

ఫేబీ టీచర్ ఓదెలును తరగతికి పిలిచింది. మతం పేరు, వీధి పేరు, సంవత్సరం చెప్పకూడదన్న షరతుమీద హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. అవన్నీ తీసేస్తే మిగిలేది కుట్టు మిషన్ ఒక్కటే. ఓదెలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి దాని గురించే చెప్పాడు.

రూపాలి అనే అమ్మాయి లేచి, "అది ఎవరిది తాతా?" అంది.

"రాబియా భాభీది. ఆమె మొగడు నా పక్కపొంటి సాంచాలు నడిపేటోడు. పండుగకు వాళ్ళింట్ల సేమ్యాలు తిన్న."

"ఇప్పుడు ఏడున్నరు?"

"వరాలా తలావ్ దిక్కు."

"తెలుసు గద. మరి ఇన్నేండ్లు ఎందుకియ్యలే?"

"ఇస్తే, తెచ్చినట్టైతది గద బిడ్డా."

ఆ ఆదివారం మిషన్‌ను తోపుడుబండి మీద పెట్టుకుని, సాక్షిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. తలుపు తీసిన రాబియా మొదట మిషన్‌ను చూసింది, తరువాత మనిషిని. చక్రం ఒకసారి తిప్పింది. ఆపైన హిందీలో, నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు ఇంటి వెనక నీళ్ళ డ్రమ్ము చాటున ఇద్దరు పిల్లలతో దాక్కుని ఉందట. ఓదెలు గొంతు గుర్తుపట్టి, తమ కోసమే వచ్చాడనుకుందట. పిలుద్దామని లేవబోతుంటే, మిషన్ ఎత్తుతున్న చప్పుడు వినబడిందట.

"మీరున్నది నేను చూడలే భాభీ," అన్నాడు ఓదెలు, హిందీలోనే.

"నువ్వు వెతకలేదు," అంది ఆమె.

బడి పేజీ సంగతి సాక్షి చెప్పగా విని, తన మాట కూడా రాయమంది రాబియా. పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి ఇచ్చింది. సాక్షి లోపల కూర్చుని తెలుగులో రాసింది. ఓదెలును ఎవరూ కూర్చోమనలేదు. గడప బయటే నిలబడ్డాడు.

రాయడం అయ్యాక, అందులో ఏముందో తనకు హిందీలో చదివి చెప్పమని రాబియా ఆ కాగితం ఓదెలు చేతికిచ్చింది. అతను మొదలుపెట్టాడు. కాగితంలో నీళ్ళ డ్రమ్ము మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, మిగతాది చదివాడు.