మేకుకు మిగిలిన బండి తాళం

స్కూలు బస్సు నడిపేటప్పుడు నేను ఫోన్ ఎత్తను. ఆ రోజు పొద్దున పిల్లలందర్నీ బడి దగ్గర దించాక చూస్తే, ప్లీడరుగారి గుమాస్తా మూడుసార్లు ఫోన్ చేసి ఉన్నాడు. తిరిగి చేశాను. "పెద్దాయన తెల్లారుజామున పోయారయ్యా, గుండెపోటు" అన్నాడు. పదకొండు నెలలుగా ఆయన మీద పెంచుకున్న కోపం గొంతులోనే ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరికి చూపించను?

వినుకొండ బస్టాండు పక్క టీకొట్టు దగ్గర ఒకడు "తాగుబోతుల ప్లీడరు పోయాడంట" అని నవ్వాడు. వాడి చేతిలో గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. జన్మలో చుక్క ముట్టని మనిషికి ఆ పేరు పెట్టారు. తాగి బండి నడిపి దొరికినవాళ్ల కేసులే ఆయన దగ్గరికి ఎక్కువ వచ్చేవి, నిజమే. కానీ వాటిని ఆయన ఎలా చూసేవారో ఆ నవ్వినవాడికేం తెలుసు? తాగిన మాట నిజమైతే ఆయన వాదించేవారే కాదు. ఒప్పుకుని జరిమానా కట్టమనేవారు. ఆపైన బండి తాళం తీసుకుని తన ఇంటి ముందుగదిలోనే ఉన్న ఆఫీసు గోడ మేకుకు తగిలించేవారు. నెల రోజులు, రోజూ పొద్దున్నే నడిచి వచ్చి, తాగని మొహం చూపించి వెళ్లాలి. అప్పుడే తాళం ఇచ్చేది. ఆ గోడ నిండా మేకులే.

"తప్పు చేస్తే మొదటి వాయిదాకే ఒప్పుకో. చేయకపోతే చచ్చినా ఒప్పుకోకు" అనేవారు.

నాది రెండో రకం కేసు. కౌలుకు చేసే ఎకరం మిరప అప్పుడు పూత మీద ఉంది. పూత రాలకూడదని మా వైపు చీప్ లిక్కరు నీళ్లలో కలిపి పిచికారీ చేస్తారు, ట్యాంకుకో క్వార్టర్ సీసా చొప్పున. వ్యవసాయాధికారి అది శుద్ధ దండగంటాడు. పక్క చేనువాడు చేశాడు కాబట్టి మేమూ చేస్తాం. ఆ ఆదివారం మధ్యాహ్నం వీపు మీద ట్యాంకు కారి నా చొక్కా తడిసి ముద్దయింది. చేలో పారేస్తే ఎవరి కాలికి గుచ్చుకుంటాయోనని ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని అలాగే బండెక్కాను. రోడ్డు మీద పోలీసులు ఆపారు. వాళ్ల ఊదే మిషన్ ఆ రోజు పనిచేయలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు రక్తం తీయకుండానే మద్యం వాసన వస్తోందని రాసిచ్చాడు. ఇంకేం, తాగి నడిపానని కేసు పెట్టారు.

బడి కరస్పాండెంటు "కేసు తేలేదాకా బస్సు ఎక్కొద్దయ్యా. శిక్ష పడితే ఇక రానే వద్దు" అన్నాడు. మా బావ "ఫైన్ పడేసి బయటపడరా, అందరూ చేసేదే కదా" అన్నాడు. కోర్టు దగ్గర ఇద్దరు లాయర్లదీ అదే మాట. తాగలేదు మొర్రో అంటే వినేవాడు లేడు. వాళ్లందరి మీదా నాకు ఇప్పటికీ మంటే.

ప్లీడరుగారు మాత్రం "తాగావా?" అని ఒక్కటే అడిగారు. లేదన్నాను. "అయితే చేను చూపించు" అన్నారు. తెల్లచొక్కాతో మిరప సాళ్లలోకి వచ్చి, ఆ రోజు చేసినట్టే నా చేత ఒక ట్యాంకు పిచికారీ చేయించారు. తర్వాత దగ్గరికొచ్చి నా నోరు ఒకసారి, చొక్కా ఒకసారి వాసన చూశారు. గట్టు మీద నిలబడ్డ మా ఆవిడ, అంత కష్టంలోనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నమ్మాను, పద" అన్నారాయన.

కోర్టులో డాక్టర్ని ఆయన గొంతు పెంచకుండానే అడిగారు.

"వాసన నోట్లోంచా, చొక్కాలోంచా?"

"అది రాయలేదండి."

"రక్తం?"

"తీయలేదండి."

అప్పుడు జడ్జిగారి వైపు తిరిగి, "ఈ మనిషి రోజూ బస్సు నిండా పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాడండి. తాగి బండి ముట్టుకునేవాడు కాదు" అన్నారు. కేసు కొట్టేశారు. మర్నాడే బస్సెక్కాను. ఈ రోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ మాట చలవే.

ఆ మాటను నేనే మంటగలిపాను. నా అసలు కోపం అక్కడుంది.

ఆరు నెలలు తిరక్కుండానే మా బావ కొత్తింట్లో భోజనాలయ్యాయి. నేను పోలీసుల మీద గెలిచినవాణ్ణి కదా. రెండు పెగ్గులు వేసి, పొద్దువాలక ముందే బండెక్కాను. కూరగాయల బజారులో ప్లీడరుగారు సంచీతో ఎదురయ్యారు. బండి ఆపి మరీ దండం పెట్టాను. నా తెలివి అలా ఏడ్చింది. ఆయన చెయ్యి చాచి తాళం లాగేసుకున్నారు.

"జడ్జిగారికి నేను చెప్పింది నీ గురించేనా?"

"ఫంక్షన్ కదండీ, ఏదో కొంచెం..."

"ఆఫీసుకొచ్చి అడుగు. ఇస్తాను."

బజారంతా చూసింది. నేనేమన్నా చిన్నపిల్లాడినా? చచ్చినా అడగకూడదనుకున్నాను. మారు తాళం చేయించుకోవడం ఎంతసేపు? అదీ చేయించలేదు, ఆయనే పిలిచి ఇవ్వాలని పంతం. పదకొండు నెలలు బడికీ చేనుకూ నడిచాను. కావాలనే ఆయన ఇంటి ముందు నుంచి నడిచాను. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటూ కళ్లజోడు పైనుంచి చూసేవారు. పిలిచేవారు కాదు. అంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు, అద్దంలో తప్ప.

పెద్దకర్మ అయ్యాక గుమాస్తా ఆఫీసు గది సర్దుతుంటే వెళ్లాను. మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్కదానికే తాళం ఉంది, నాది. దానికి దారంతో చీటీ కట్టి ఉంది. ఆయన చేతిరాతే. నా పేరు, దాని కింద ఒక ముక్క: "అడిగితే ఇచ్చేయాలి. మాట అనకూడదు."

ఆ గదిలో నన్ను నేను తిట్టుకున్నన్ని తిట్లు నా శత్రువుని కూడా తిట్టలేదు. ఆ అరుగు రెండే మెట్లు. పదకొండు నెలల్లో ఎక్కలేకపోయాను.

గుమాస్తా తాళం తీసి ఇవ్వబోయాడు. "ఉండనీయండి, నా నెల ఇంకా మొదలవలేదు" అన్నాను.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే, బస్సు తీయడానికి ముందు, నడిచి వెళ్తున్నాను. ఆయన పేపరు ఇంకా వస్తోంది. ఆయన భార్య దాన్ని మడత విప్పకుండా ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటారు. తలెత్తి నా మొహం చూస్తారు. "సరే, వెళ్లిరా నాయనా" అంటారు. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఆవిడ వెనక కిటికీలోంచి గోడ కనిపిస్తుంది, ఖాళీ మేకుల మధ్య నా తాళం, దానికి వేలాడే తెల్ల చీటీ.