పేరు పెట్టని పాపకు రాని మెసేజ్

మా చీపురుపల్లి పసిపిల్లల టీకాలన్నీ నా చేతిమీదుగానే నడుస్తున్నాయని కొన్నాళ్లు విర్రవీగాను. అది ఎంత ఘోరంగా కుప్పకూలిందో చెబుతాను. నవ్వుకోండి, కాని మధ్యలో కాస్త భయపడండి. నేనింకా భయపడుతూనే ఉన్నాను.

ఒక పిల్లల ఆసుపత్రికి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. టీకా రోజు దగ్గరపడగానే అది తల్లుల ఫోన్లకు బిడ్డ పేరుతో మెసేజ్ పంపాలి. మొదట్లోనే ఆగిపోయింది. మా వైపు బిడ్డకు పేరు పెట్టడానికి తొందరుండదు మరి. మేనత్త రావాలి, ముహూర్తం కుదరాలి, అలకలు తీరాలి. పేరు ఖాళీగా ఉన్న బిడ్డ దగ్గరికి రాగానే నా ప్రోగ్రామ్, పెళ్లికొడుకు కనపడని పురోహితుడిలా, అక్కడే చతికిలబడేది. జాబితాలో ఆ బిడ్డ వెనకున్న వాళ్లెవరికీ మెసేజ్ వెళ్లేది కాదు.

దీనికి ప్రోగ్రాములు రాసేవాళ్ల దగ్గర ఒక చిట్కా ఉంది. ప్రోగ్రామ్ వరుసలో పేరు పక్కన వచ్చే చుక్క ముందు ఒక ప్రశ్నార్థకం పెడితే చాలు. విలువ ఉంటే పని చెయ్యి, లేకపోతే గొడవ చేయకుండా ఖాళీ చేతులతో వచ్చెయ్యి అని దాని అర్థం. అప్పుడే పుట్టిన మా చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, పులుసులో ఉప్పు వేసినట్టు దాన్ని ప్రతి వరుసలోనూ వేశాను. పేరు ఖాళీ అయితే మెసేజూ ఖాళీ. ఆ ఖాళీ మెసేజ్‌ను పంపాల్సిన వరుస కూడా నోరెత్తకుండా దాటిపోయేది. ఆగిపోవడాలు ఆగిపోయాయి. ప్రాణానికి హాయిగా ఉంది.

ఆ ఆసుపత్రి జాబితాలోనే ఉన్న మా పాపకూ అప్పటికి పేరు పెట్టలేదు. మా ఆడబిడ్డ అలిగి రాలేదు. రోజూ ఫోన్ చూసుకునేదాన్ని. మెసేజ్ రాలేదంటే టీకా రోజు ఇంకా రాలేదని ధీమాగా ఉన్నాను.

చివరికి పాపను జలుబుకని ఆ ఆసుపత్రికే తీసుకెళ్తే, నర్సు కార్డు తిప్పి చూసింది. "నెలన్నర సూది ఇంకా ఎయ్యించలేదేటమ్మా? రెండు నెలలు దాటిపోనాది."

"మెసేజ్ రాలేదండీ" అన్నాను, తప్పు వాళ్లదే అన్నంత గట్టిగా.

పక్కనున్న మా అత్త నెమ్మదిగా అంది. "ఒసే, ఆ కబుర్లు ఎట్టేది నువ్వే కదే."

అక్కడే ఫోన్లో జాబితా తెరిచి చూశాను. మా పాప ఒక్కతే కాదు. పేరు లేని పిల్లలందరినీ నా ప్రోగ్రామ్ ఎంతో మర్యాదగా దాటుకుంటూ పోయింది. ఆలస్యమైనా వేయొచ్చని డాక్టరుగారు సూది వేయించారు. పాప కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. ఇంటికి రాగానే ఆ తల్లులందరికీ ఫోన్లు చేశాను. శృంగవరపుకోటలో పుట్టింట ఉన్న ఒకామె, "పేరెట్టాకే సూది ఎయ్యాలేమో అనుకున్నానమ్మా" అంది. అందరి పిల్లలకూ సూది పడేదాకా నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు పేరు లేకపోతే "మీ పాపాయికి" అని మెసేజ్ వెళుతుంది. అదీ వెళ్లకపోతే నా ఫోన్ గోల పెడుతుంది. ఇకమీదట లేనిదాన్ని చప్పుడు చేయకుండా దాటించనని ఒళ్లోని పాప తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టబోయాను. మా అత్త నా చెయ్యి లాగేసింది.

"పిల్ల మీద ఒట్లేటే. ఆ కంప్యూటర్ మీద ఎయ్యి."

అందుకని కీబోర్డు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ప్రమాణం చేశాను. తెర నిండా పిచ్చి అక్షరాలు పడ్డాయి.