స్వరూపక్క కంప్యూటర్‌కు పెట్టిన నీళ్ల కూలర్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దుకాణాల్లో రోజూ చెప్పేలాంటిదే కదా అని నన్ను నేను చాలాసార్లు సముదాయించుకున్నాను. కుదరలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

వరంగల్‌లో ఒక కంప్యూటర్ దుకాణంలో సిస్టమ్‌లు బిగించడం నా పని. పేరు వద్దు. స్వరూపక్క ములుగులో ఉంటుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఒంటరిగా ఇల్లు నడుపుకునే మనిషి. పాత కంప్యూటర్ మొరాయిస్తుంటే, దాన్ని మాకే ఇచ్చేసి కొత్తది చేయించుకోవడానికి వచ్చింది. ప్రాసెసర్ వేడెక్కకుండా దాని మీద కూలర్ పెట్టాలి. మామూలు ఫ్యాన్‌ది ఒకటి ఉంటుంది, నీళ్లతో నడిచేది ఒకటి ఉంటుంది. నీళ్లదానిలో ప్రాసెసర్ మీద చిన్న పంపు కూర్చుంటుంది. అది వేడి నీళ్లను గొట్టాల్లోంచి రేడియేటర్‌కు తోస్తుంది.

"ఫ్యానుదే పెట్టు తమ్మీ. దుమ్ము పడితె నేనే దులుపుకుంట," అంది అక్క.

ఆమె పనికి అది చక్కగా సరిపోయేది. నాకు తెలుసు. కానీ అప్పటికి నేను నీళ్ల కూలర్ ఒక్కటి కూడా బిగించలేదు. హైదరాబాద్‌లో నా తోటివాళ్లు రంగు లైట్లతో బిగించి ఫోటోలు పెడుతుంటే చూసి కుళ్లుకునేవాణ్ణి. నా చేత్తో ఒకటి బిగించాలి, స్టేటస్‌లో పెట్టుకోవాలి. అంతే. అందుకోసం ఎన్ని మాటలు చెప్పానో! గంటల తరబడి ఎడిటింగ్ చేసేవాళ్లకు నీళ్లదే ఉండాలన్నాను. ఫ్యాన్‌ది ఆటబొమ్మ అన్నాను. పాపం, నమ్మింది.

బిగించేటప్పుడు ఇంకో తప్పు చేశాను. రేడియేటర్ పైన పెడితే లోపలి లైట్లు కొన్ని మరుగున పడుతున్నాయి, ఫోటో బాగుండదు. అందుకని కింద పెట్టాను. అలా పెడితే పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండిపోతుంది. లోపలి గాలి అంతా వెళ్లి అందులో చేరుతుంది, నీళ్లు సరిగా తిరగవు. ఇలా పెట్టకూడదని కూలర్ డబ్బాలోని కాగితం మీద బొమ్మ వేసి మరీ అడ్డంగా కొట్టేశారు. చూశాను. చూసి కూడా పెట్టాను. ఎందుకు? ఏమీ కాదులే అనుకున్నాను.

కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసింది, లోపల బుడబుడమంటోందని. కొత్తది కదా, సర్దుకుంటుందన్నాను.

ఎండాకాలంలో ఒక పొద్దున ఆ కంప్యూటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. చేతిలో ఒక పెళ్లి వీడియో ఉందట. పెళ్లికూతురు తండ్రికి బాగా జబ్బు చేసింది. ఆయన దవాఖానాలో ఉండగానే, ఆయన మాట మీదే పెళ్లి జరిపించారు. కన్యాదానం బాబాయి చేశాడు. తండ్రి ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూశాడు గానీ, పెళ్లంతా మొదటి నుంచి నాన్నకు చూపించాలని ఆ అమ్మాయి కోరిక. ఇంక రోజులే అని డాక్టర్లు చెప్పేశారు.

"పది నిమిషాలకే బందైతాంది తమ్మీ. ఆ పెద్దమనిషి బిడ్డ పెండ్లి సూడాలె. జర జల్ది చెయ్యి. ఏమైంది దీనికి?"

మూత తీయగానే నాకు తెలిసిపోయింది. పంపు గాలితో నిండిపోయి ఖాళీగా తిరిగి తిరిగి చెడిపోయింది. ఓనర్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మీ ఇల్లు రేకులదా అక్కా?"

"అవ్."

"మరి గంత వేడిల పెడితె ఏదైన గింతేనే."

అక్క మొహం చిన్నబోయింది. "అయ్యో, నేనే ఖరాబు జేస్కున్ననా! నాకు తెల్వకపాయె తమ్మీ."

అక్కడితో ఆగినా బాగుండేది. నా వెనక అరలోనే ఫ్యాన్ కూలర్ ఉంది. అరగంటలో బిగించి పంపితే ఆ సాయంత్రానికే ఆమె పనిలో కూర్చునేది. కానీ దాన్ని తీస్తే ఆమె మొదట అడిగిందే సరైనదని ఓనర్ ముందు ఒప్పుకున్నట్టవుతుంది. వారంటీలో కొత్తది వస్తుంది, నాలుగు రోజులు ఆగమన్నాను. ఆగింది.

మూడో రోజు ఆ పెద్దమనిషి పోయాడు.

కొత్త కూలర్ వచ్చాక రేడియేటర్ పైన బిగించాను. అది ఈరోజుకీ నడుస్తోంది. అక్క ఆ పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనమ్మా అని చెప్పుకుని ఏడ్చిందట. తర్వాత కంప్యూటర్ కోసం బజారులో స్లాబు గది కిరాయికి తీసుకుంది. రేకుల వేడికి పాడవుతుందని వరంగల్ తమ్ముడు చెప్పేదాకా నాకు తెలవలేదని అందరికీ చెబుతుంది. ములుగు నుంచి నా దగ్గరికి గిరాకీ పంపిస్తుంది. వాళ్లు అక్క పేరు చెప్పినప్పుడల్లా నాకు తల ఎత్తాలనిపించదు.

వీడియో తయారై ఉంటే ఆయన చూసేవాడా? ఆ చివరి రోజుల్లో ఆయనకు తెలివి ఉందో లేదో, ఉన్నా అంతసేపు చూసే ఓపిక ఉండేదో లేదో నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు కూడా, అడిగితే చూసేవాడనే చెబుతారేమోనన్న భయంతో ఇన్నేళ్లూ ఆ తెలియకపోవడం చాటునే దాక్కున్నాను. సిగ్గుగా ఉంది.

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. వాళ్ల చెల్లెలు కంప్యూటర్ కొంటుందట, ఏ కూలర్ పెట్టాలని అడిగింది. ఫ్యాన్‌ది చాలన్నాను.

"మరి నాకెందుకు నీళ్లది పెట్టినవ్?" అని నవ్వింది.

గిరాకీ వచ్చిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. దుకాణంలో ఎవరూ లేరు.

ఇక్కడ రాసుకున్నంత మాత్రాన నా తప్పు తగ్గదు. క్షమించాల్సినవాళ్లకు క్షమించాల్సింది ఒకటి ఉందన్న సంగతే తెలియదు. అయినా ఇన్నాళ్లకు కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆమె అడిగినదానికి జవాబు ఇది. ముఖం చూసి చెప్పే ధైర్యం ఎప్పుడొస్తుందో గానీ, మాట మాత్రం ఇదే.

నా మోజు కొరకు పెట్టిన అక్కా. నీ ఇంటి రేకులు ఏం జెయ్యలే.