యాభై మూడు పళ్ల గేరు

2022లో శెనక్కాయ పంట ఇళ్లకు చేరే రోజులవి. కడపలో నా గేర్ కటింగ్ షాపు ముందు ఆటో ఆగింది. వేంపల్లె వైపు పల్లె నుంచి వచ్చిన సారమ్మ రెండు పెద్ద ఇనుప గేర్లు, వాటితో తిరిగే ఒక చిన్న గేరు దింపించింది. భర్త పోయాక ఆమె సంసారానికి నూనె గానుగే ఆధారం.

“ఖాదరన్నా, మా మామ కాలం నాటి గేరు అరిగిపోతే కొత్తది చేయించినా. ఏడాది తిరక్కముందే పళ్లు రాలిపాయ. ఇంగోసారి చేయించినా అంతే. ఈ తూరి గూడా విరిగితే గానుగ అమ్మేద్దామని మా మరిది బేరానికి మనుషుల్ని తెస్తాండాడు.”

పళ్లు లెక్కపెట్టాను. పాతదానికి 53, కొత్తదానికి 54. చేసినవాడెవరో తెలియదు గానీ, ఎందుకు చేశాడో తెలిసిపోయింది. గేరును సమాన భాగాలుగా కోయడానికి మేం ఇండెక్స్ ప్లేటు వాడతాం. వరసలుగా బెజ్జాలున్న ఇనుప పళ్లెం అది. 54 పళ్లకు 27 బెజ్జాల వరస చాలు. 53 మాత్రం ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు. దానికి 53 బెజ్జాల వరసే కావాలి, అది మా ప్లేట్లలో ఉండదు. ఒక పన్ను ఎక్కువైతే ఏం పోయిందిలే అని మోటారు బోల్టులు కాస్త జరిపి బిగించేశాడు మహానుభావుడు!

“ఒకటి ఎక్కువుంటే మంచిదే గదన్నా?” అంది.

“కాదమ్మా. మోటారు వైపు చిన్న గేరుకు 18 పళ్లుండాయి. 54లో 18 సరిగ్గా మూడుసార్లు పడతాది. చిన్నదాంట్లో ఒక పన్నుకు సొట్టుంటే అది ఎప్పుడూ ఆ మూడు పళ్లనే కొడతాది. చూడు, విరిగినవి మూడే, సమాన దూరంలో. చిన్నది మార్చినా రేపు ఇంకో పన్నుకు సొట్ట పడతాది. 53 అయితే ఆ దెబ్బ అన్ని పళ్లకూ వంతులవారీగా పోతాది.”

“అట్లయితే 53 పళ్లే కొయ్యి. అయ్యేదాకా నేను ఈడనే కూచుంటా.”

కూర్చుంది కూడా. ఇక నాకూ పట్టుదల వచ్చింది. స్టీలు టేపును 53 సెంటీమీటర్ల దగ్గర కత్తిరించాను. దాని రెండు కొసలు సరిగ్గా కలిసేలా ఒక ఇనుప చక్రాన్ని లేతు మీద చెక్కాను. మొదటిది వెంట్రుకవాసి ఎక్కువ తెగింది, అవతల పారేశాను. రెండోది కుదిరింది. టేపు చుట్టి సెంటీమీటరుకొక బెజ్జం వేశాను. అదే నా ప్లేటు. గేరును తిప్పే డివైడింగ్ హెడ్‌లో పిడి నలభై చుట్లు తిరిగితేనే గేరు ఒక చుట్టు తిరుగుతుంది, కాబట్టి నా చేతి తప్పు కూడా నలభయ్యో వంతే గేరు మీద పడుతుంది.

ఒక్కో పన్నుకు నలభై బెజ్జాలు జరుపుతూ కోశాను. లెక్క ఎక్కడ తప్పినా ఇనుమంతా వృథా, ఆమె గానుగ అంగట్లో పెట్టినట్టే. చివరి పన్ను కోసి, బెజ్జాల్లో దిగే పిడి పిన్ను జరిపితే అది మొదలుపెట్టిన బెజ్జంలోనే దిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరుసటి పంటకు అటు పోతూ గానుగ దగ్గర ఆగాను. గేరు పళ్లన్నీ ఒకే తీరుగా నునుపుదేరాయి. వాకిట్లో మరిది శెనక్కాయ మూటలు దింపుతున్నాడు.

“వాని నూనె గూడా ఈడనే ఆడిస్తాండాం,” అని సారమ్మ నవ్వింది.

పనికి తగిన ప్లేటు లేకపోతే ప్లేటు చేసుకోవాలి, పనిని మార్చకూడదు. “ఒకటి అటూ ఇటూ అయితే ఏమప్పా” అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క పన్ను తేడాకే ఒక ఇల్లు గడవకుండా పోయేది.