గుల్లసున్నం నాగూర్ బాబాయి

మొన్న ఒక పెళ్ళిలో భోజనాలయ్యాక తాంబూలం పళ్ళెం నా ముందుకొచ్చింది. ఆకులూ వక్కలూ బాగానే ఉన్నాయి గానీ, సున్నం మాత్రం పళ్ళు తోముకునే పేస్టులాగా చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఉంది. మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. పక్కన కూర్చున్న పిల్ల నన్ను వింతగా చూసింది. సున్నాన్ని వాసన చూసే మనిషిని పాపం ఎన్నడూ చూసినట్టు లేదు.

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల్లో, నరసరావుపేటలో మా వీధి చివర నాగూర్ బాబాయి సున్నపుబట్టీ ఉండేది. ఆయన సాయిబు, మాకు చుట్టరికమేమీ లేదు, కానీ మా వీధిలో నాన్న ఈడు మగవాళ్ళంతా బాబాయిలే. ఆయన చేసేది గుల్లసున్నం. సముద్రపు ఆల్చిప్పల్నీ గవ్వల్నీ బొగ్గులూ ఊకా మధ్య పేర్చి కాల్చి, అవి తెల్లబడ్డాక నీళ్ళు చిలకరిస్తే బుసబుసమని పొగలు కక్కుతూ పిండిలా విచ్చుకునేవి. ఆ పిండిని నీళ్ళల్లో కలిపి పాత పంచెలో వడగడితే వెన్నలాంటి సున్నం దిగేది. రోజూ బడికి వెళ్ళేముందు మా నాయనమ్మ సున్నపుకాయ నా చేతికిచ్చి పంపేది, బాబాయి కాస్త తక్కువ పెడితే బడికి ఆలస్యమైనా సరే మళ్ళీ పంపేది.

గుల్ల కోసం బాబాయి రెండు నెలలకోసారి తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, చిలకలూరిపేట మీదుగా బాపట్ల చేరి, అక్కణ్ణుంచి సూర్యలంక వెళ్ళేవాడు. ఆయన పోనక్కరలేదు. గుల్ల ఏరేవాళ్ళు బస్తాలు కుట్టి లారీకి వేస్తామని ఎన్నోసార్లు కబురు పెట్టారు. లారీవాళ్ళు సగం దింపేసుకుంటారని ఆయన సాకు చెప్పేవాడు, ఖాళీ చిప్పల్ని ఎవరు దొంగిలిస్తారని వీధంతా నవ్వేది. అసలు సంగతి అందరికీ తెలుసు, ఆయనకి సముద్రమంటే పిచ్చి. ఈత రాదు, మోకాలి లోతు దాటి దిగడు, పొద్దుగూకేదాకా ఒడ్డున కూర్చుని చూస్తాడు, అంతే. వచ్చాక దాని గురించి చుట్టం ఆరోగ్యం చెప్పినట్టు చెప్పేవాడు. ఈసారి కాస్త చిరాగ్గా ఉందనీ, పోయినసారి పడవలు కట్టిన చోటు దాకా జరిగిందనీ. ఉప్పు తగ్గిందేమో నాలిక్కి రాసుకుని చూశావా అని మా నాయనమ్మ అరుగు మీంచి ఎత్తిపొడిస్తే, చూశానత్తా, తగ్గలేదు అనేవాడు నిజంగానే.

ఆయన భార్య సైదాబీ పిన్ని పొడుగాటి మనిషి, నోరు ఇంకా పొడుగు. ఆయన కాళ్ళ వేళ్ళ సందుల్లో ఇసక ఇంట్లోకి రాలుతుంటే చీపురు పట్టుకుని వెంట తిరిగేది. "నా సవతి నీళ్ళల్లో ఉంటది, రెణ్ణెల్లు తిరిగేసరికి పిలుస్తది" అని పంపు దగ్గర అందరితోనూ చెప్పేది, కానీ బస్సు వచ్చే వేళకి ఎసరు మాత్రం పెట్టి ఉంచేది.

బస్తాలు వాకిట్లో కుమ్మరించిన రోజు మాకు పండగ. వీధంతా చేపల నీచు, దగ్గు తెప్పించే మిరపకాయల కోరుతో నిండిన మా పల్నాడు ఎండలో ఆ వాసన ఇంకా ఘాటెక్కేది, పెద్దవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. మేం చుట్టూ కూర్చుని పీతకాళ్ళూ తాడుముక్కలూ రాళ్ళూ ఏరి పారేస్తే ఆయన తెచ్చిన తేగలు తలా ఒకటి ఇచ్చేవాడు. పగలని శంఖం గానీ గీతలున్న గవ్వ గానీ దొరికితే బట్టీలో వెయ్యనిచ్చేవాడు కాదు, మాకే ఇచ్చేసేవాడు. కోటప్పకొండ తిరణాలకి ముందు నెలంతా బట్టీ ఆరేది కాదు. ప్రభల కింద, ఆకులు అమ్మేవాళ్ళ వరసలో కుండతో కూర్చుంటే సాయంత్రానికి కుండ ఖాళీ.

నాకు పదేళ్ళప్పుడు రాతిసున్నం వచ్చింది. మా వైపు రాయికి కరువేముంది, బట్టీలకి కరువేముంది. తెల్లగా, చౌకగా, పొట్లాల్లో కట్టి దుకాణం ముందుకే తెచ్చి ఇస్తుంటే కిళ్ళీకొట్ల వాళ్ళు ఒక్కొక్కరే బాబాయిని మానేశారు. ఆయనా ఎక్కువ రోజులు పంతం పట్టలేదు, తనే రాతిసున్నం తెచ్చి అమ్మటం మొదలుపెట్టాడు. ఇల్లు గడిచింది. కానీ గుల్లతో పనిలేకపోయేసరికి బాపట్ల బస్సుతోనూ పనిలేకపోయింది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో మనిషి కదలాలంటే పెళ్ళో, చావో, ఆస్పత్రో, కోర్టు వాయిదానో ఉండాలి. నలుగురు పిల్లలున్న మనిషి ఊరికే సముద్రం చూసొస్తానంటే నవ్విపోతారు. ఆయనకి అడగటానికే సిగ్గు. ఆ వేసవంతా సాయంకాలాలు గడపలో కూర్చునేవాడు. బాపట్ల వైపు నుంచి ఎవరైనా వచ్చారంటే మాత్రం లేచి వెళ్ళి, అక్కడ గాలి ఎట్టా ఉందని అడిగేవాడు. ఆయన్ని అట్లా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

తొలకరి పడే రోజుల్లో సైదాబీ పిన్ని ఆకూ వక్కా వేసుకోవటం మొదలుపెట్టింది. అన్నేళ్ళుగా సున్నం అమ్ముతూ ఒక్కనాడూ ఆకు ముట్టని మనిషి. ఈ వయసులో ఇదేం అలవాటని మా నాయనమ్మే బుగ్గలు నొక్కుకుంది. వారం తిరక్కుండా పిన్ని వీధి వినేట్టు మొదలుపెట్టింది.

"రాతిసున్నం నాకు నోరు పొక్కుతంది. గుల్ల తెచ్చిపెట్టు."

"నీ ఒక్కదాని నోటికి బస్తా గుల్లా?" అన్నాడు బాబాయి.

"మరి నా నోరు నోరు కాదా? పోయిరా."

మర్నాడు తెల్లవారేసరికి ఆయన వీధిలో లేడు. రాత్రికి ఇసక కాళ్ళతో దిగాడు. ఆ తర్వాత రెండు నెలలకోసారి మళ్ళీ అదే వరస.

ఒకరోజు సున్నానికి వెళ్తే పిన్ని పెరట్లో నోట్లో ఉన్నదంతా ఊసేసి, మూడు చెంబుల నీళ్ళతో పుక్కిలిస్తూ, మొహం వికారంగా పెట్టుకుని కనిపించింది. ఏందే చూస్తన్నావు, వక్క పొగరెక్కింది అని కసిరి, చేతిలో తేగ పెట్టింది. ఆ తేగ కోసం నేనెవరికీ చెప్పలేదు. అంతకుమించి ఆలోచించే తెలివి నాకు లేదు.

బాబాయి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. బట్టీ ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది. ఇప్పుడు మా ఊరివాళ్ళు ఆదివారం పొద్దున కార్లేసుకుని ఊరికే సూర్యలంక వెళ్ళి, ఫొటోలు దిగి రాత్రికి వచ్చేస్తున్నారు. ఎవరూ నవ్వరు.

పెళ్ళి నుంచి వస్తూ రొంపిచెర్లలో కూతురి దగ్గరున్న పిన్నిని చూద్దామని ఆగాను. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. ఇష్టమని లేత ఆకులూ వక్కా తీసుకెళ్ళి చేతిలో పెడితే తడిమి చూసి పక్కన పెట్టేసింది.

"ఇది నాకు పడదమ్మా. అప్పుడూ పడలా. ఆయన పోయిన్నాడే మానేశా."

ఆకులు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. నువ్వు కూడా ఆయనతో ఎప్పుడన్నా సముద్రానికి వెళ్ళావా పిన్నీ అని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు నావైపు తిరిగింది.

"ఇద్దరం పోతే బట్టీ కాడ ఎవురుంటారే?"