అద్దెకున్నవాళ్ల ఎనిమిది దీపాలు

పెళ్లయి ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వచ్చిన తొలి సాయంత్రమే నా మీద ఒక ముద్ర పడిపోయింది. కుడికాలు ముందుపెట్టి గడప దాటాను, దీపం వెలిగించాను. వెలిగించి ఊపిరి తీసుకున్నానో లేదో, అది ఆరిపోయింది. అంతటితో ఊరుకున్నానా? దీపం కొండెక్కిందనాలే గాని ఆరిపోయిందని అనకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. నేనేమో పదిమంది ముందర, "అయ్యో, ఆరిపోయిందే!" అని గొంతెత్తి మరీ అన్నాను. అప్పుడు మా అత్త ముఖం చూడాల్సింది.

మరునాటి నుంచి ఇంట్లో సాయంత్రం దీపం ఆమే పెట్టేది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. వంట నాది, వడ్డన నాది, తాళాలగుత్తి కూడా నా నడుముకే ఉండేది. పొద్దుగూకే వేళకు మాత్రం, "నువ్ లోపలికి పో అమ్మీ" అనేది. నేను లోపలికి పోయి నా కోపమంతా పప్పుగుత్తి మీద చూపించేదాన్ని. ఆ ఇంటి కోడలినై ఉండి ఆ ఇంట్లో దీపం పెట్టడానికి పనికిరాకపోవడం నాకు చెప్పుకోలేనంత అవమానంగా ఉండేది. మా ఆయనతో చెప్పుకుంటే, "ఒగ పని తగ్గింది గదా, ఇంగేంది?" అన్నాడు. మగవాళ్ల తెలివి అంతవరకే.

మా వాళ్లది నూనె కొట్టు. ఆ ఏడే మా ఇంటి వీధివైపు గదిలోకి బొంబాయి నుంచి ఒక జంట అద్దెకు దిగింది. ఆయన రైలుకట్ట పనులు చూసేవాడు, పొద్దున్నే పాణ్యం వైపు వెళ్లిపోయేవాడు. ఆమెకు మరాఠీ, హిందీ వచ్చు, తెలుగు సున్నా. ఆళ్లగడ్డలో మా పక్కింటివాళ్లు తురకలు కావడంతో నాకు ఆ మాట కొంత పట్టుబడింది. అందువల్ల ఆమెకూ మా అత్తకూ నడుమ దుబాసీని నేనే.

"వాళ్లది ఏం కులమో అడుగు" అంది అత్త. అడిగాను. తాము యూదులమని, తమ పెద్దలు కొంకణంలో నూనె గానుగలు ఆడేవాళ్లని, శనివారం గానుగ కట్టరు కాబట్టి అక్కడివాళ్లు తమను శనివారపు తేలీలని పిలిచేవాళ్లని ఆమె చెప్పింది. తేలీలంటే గానుగవాళ్లు. యూదులన్న ముక్క అత్తకు ఎక్కలేదు గాని నూనె, శనివారం రెండూ బాగా ఎక్కాయి. "శనివారం పట్టినారంటే ఇంగేం గావాల? మన ఎంకటేశ్వరసామి భక్తులే" అని తేల్చేసింది. కాదని చెప్పబోయాను. వినే మనిషా ఆవిడ!

మార్గశిరంలో, అమావాస్య ఇంకా కొన్ని రోజులుందనగా వాళ్ల హనుకా పండగ వచ్చింది. చీకటి పడి చుక్కలు కనిపించగానే ఆమె కిటికీలో ఒక చెక్క పెట్టింది. దానిలో వరసగా ఎనిమిది చిన్న గాజు గ్లాసులు, వాటికి కాస్త పైన ఇంకొకటి. పైదాన్ని వెలిగించి, దానితో కింది వరసలో ఒక్కటే ముట్టించింది. తక్కినవన్నీ ఖాళీ. వసారాలోంచి చూసిన మా అత్త, "పాపం, నూనె లేనట్లుంది" అని చెంబెడు నువ్వుల నూనె తెచ్చింది.

నూనె లేక కాదని చెప్పడం మళ్లీ నా పనే అయింది. ఈరోజు ఒకటి, రేపు రెండు, అలా ఎనిమిదో రోజుకు ఎనిమిదీ వెలుగుతాయి. ఎప్పుడో వాళ్ల గుడిలో ఒక్క రోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందట. ఆ మహిమ దారినపోయేవాళ్లకు తెలియాలనే ఇలా కిటికీలో పెడతారట.

"ఒగదినం నూనె ఎనిమిది దినాలా? అట్లయితే మన కొట్టు మూసుకోవల్సిందే" అంది అత్త. నూనె మాత్రం వెనక్కి తీసుకుపోలేదు.

రెండోరోజు నేను చేటలో బియ్యం పోసుకుని ఆ వెలుగులో రాళ్లేరడానికి కూర్చున్నాను. ఆమె నవ్వుతూ చేట పక్కకు జరిపింది. ఆ దీపాలు చూసుకోవడానికేనట, వాటి వెలుగులో పని చేసుకోకూడదట, పొరపాటున వాడుకున్నా అది పైనున్న దీపం వెలుగే కావాలని దాన్ని విడిగా పెడతారట. అవి వెలిగినంతసేపూ ఆడవాళ్లు పని ముట్టుకోరు కూడానట. ఆ శాస్త్రం నాకెంతో నచ్చింది. అత్తకు వినబడేలా గట్టిగా తెలుగులో చెప్పి, అక్కడే చతికిలబడ్డాను.

"నువ్వెప్పుడు ఆ కులంలో కల్సినావ్?" అంది అత్త. కానీ తనూ వచ్చి పక్కన కూర్చుంది. నేను ఆ ఇంటికొచ్చాక మా ఇద్దరికీ ఏ మాటా పట్టింపూ లేకుండా గడిచిన సాయంత్రాలు అవే.

ఒకరోజు అలా కూర్చుని ఉండగా మామ కొట్టు నుంచి వచ్చి వీధి తలుపు తోశాడు. చలిగాలి ఒక్క విసురుతో వచ్చి రెండు దీపాలను తీసుకుపోయింది.

"అయ్యో, కొండెక్కినాయే!" అని అత్త అగ్గిపెట్టె కోసం లేచింది. అద్దెకున్నామె అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నిదానంగా ఏదో చెప్పింది. వింటూనే నేను అత్త వైపు తిరిగాను.

"మళ్లా ముట్టియ్యల్సిన పన్లేదంట అత్తా. సరిగ్గా నూనె పోసి వెలిగిస్తే చాలంట, పుణ్యం అప్పుడే వచ్చేసిందంట. తర్వాత కొండెక్కినా వెలిగించినోళ్ల తప్పు గాదంట."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఆ కడమాట ఆమె చెప్పిందా, నువ్ కలిపినావా?"

ఒళ్లు మండిపోయింది. "నేనేం కలపలా. మామకు తురకం వచ్చు గదా, ఆయన్నే అడగమను!"

మామ అడిగాడు. బేరసారాల్లో నేర్చిన మాటే అయినా ఆయనది నాకంటే మేలు. ఆమె ఇంకా వివరంగా చెప్పింది. మామ తలూపి, "కోడలు చెప్పింది నిజమే. ఇంగో మాట గూడా చెప్తాండాది. గాలి కొట్టేచోట పెట్టింటే మాత్రం, అది పెట్టినోళ్ల తప్పంట" అన్నాడు.

నేను వచ్చిన రోజున, కొత్తకోడలు దీపం వెలిగించడం వీధంతా చూడాలని, దేవుడి గదిలోని దీపపు సెమ్మెను ఎత్తుకొచ్చి తెరిచిన తలుపుకెదురుగా పెట్టింది అత్తే. అది నాకూ తెలుసు, మామకూ తెలుసు. ఆయన కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లోకి జారుకున్నాడు. నేను గెలిచినట్టు సంతోషించాల్సింది గాని, తల వంచుకుని కొంగు నలుపుకుంటున్న అత్తను చూస్తే జాలేసింది.

మర్నాడు పొద్దుగూకింది. నేను అలవాటుగా లోపలికి నడిచాను.

"యాడికి పోతాండావ్?" అంది అత్త.

వెనక్కి తిరిగి చూశాను. దీపపు సెమ్మెను గాలి సోకని మూలకు జరిపి, నూనె నిండా పోసి, వత్తి సరిచేసి ఉంచింది. నా చేతిలో అగ్గిపెట్టె పెట్టింది.

"ఈడ పెట్టింది నేను" అంది. "కొండెక్కితే నా తప్పు. నువ్ ముట్టియ్."

కళ్లు నీళ్లతో నిండి వత్తి సరిగా కనబడలేదు. అయినా ముట్టించాను.