మలయాళం పేజీ, ఆనీ కాంట్రాక్టు

2003లో సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నన్ను భారతీయ భాషల టెస్ట్ లీడ్లలో ఒకరిగా వేశారు. మా వర్డ్ ప్రాసెసర్ ఒక భాషలో సరిగ్గా నడుస్తోందని తేల్చి, విడుదలకు ముందు సంతకం పెట్టడం లీడ్ పని. నాకొచ్చిన తెలుగును ఇంకొకరికిచ్చి, ఒక్క ముక్క రాని మలయాళాన్ని నాకు అంటగట్టారు. ఇదేమిటని అడిగితే మా మేనేజర్ లిమ్, "ఇండియన్ లాంగ్వేజెస్ అన్నీ సేమ్ సేమ్ లా" అని సింగపూర్ యాసలో అన్నాడు. మాండరిన్, జపనీస్ కూడా సేమేనా అన్నాను. నా ఆ ఏటి జీతం పెంపు చూస్తే ఆయన ఆ మాట మరిచిపోలేదని తెలిసింది.

మలయాళం చదివి చెప్పడానికి కొట్టాయం నుంచి ఆనీని కాంట్రాక్టు మీద తెచ్చారు. ఏళ్ల తరబడి పత్రికలో పేజీలు కట్టిన మనిషి. టోవా పాయోలో చిన్న గదిలో ఉండేది. కూతురి నర్సింగ్ చదువు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది. భాషా టెస్టర్ల కాంట్రాక్టుకు మా దగ్గర ముగింపు తేదీ ఉండదు. ఆ భాషలో బగ్గులన్నీ, అంటే సాఫ్ట్‌వేర్ తప్పులన్నీ, తీరి మూతపడిన రోజున కాంట్రాక్టూ మూతపడుతుంది, దానితో సింగపూర్‌లో ఉండే పాసూ పోతుంది.

ఆనీ పట్టిన పెద్ద బగ్గు జస్టిఫికేషన్‌ది, అంటే పంక్తుల రెండు అంచులనూ సమం చేసే పని. మలయాళంలో నాలుగైదు మాటలు కలిసి ఒకే పొడుగాటి మాటవుతాయి. అది పంక్తిలో పట్టకపోతే మా సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ కిందికి తోసి, పైన మిగిలిన రెండు మాటలను చెరో అంచుకు లాగేది. వాళ్ల పత్రికల్లో మాటను ఏ అక్షరం దగ్గరైనా విరిచి, అడ్డగీత లేకుండా కింది పంక్తిలో కొనసాగిస్తారట.

ఆ కోడ్ రాసిన ప్రసాద్ గుంటూరు కుర్రాడు. బగ్గు చూసి నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఆవిడకి పాస్ పొడిగించుకోవాలనుంది. అందుకే రోజుకో బగ్గు పుట్టిస్తోంది."

"పుట్టించింది నువ్వు నాయనా. ఆవిడ పురుడు పోసిందంతే."

అయినా ఆ అనుమానం ఆనీ చెవినీ పడింది, లిమ్ దాకా పాకింది. బగ్ మీటింగ్‌లో ఆయన ఆ బగ్గును 'ఉద్దేశపూర్వక ప్రవర్తన' అని, అంటే సాఫ్ట్‌వేర్‌ను కావాలనే అలా చేశాం, తప్పు కాదని కొట్టేయబోయాడు. మేము పరీక్షించినవన్నీ పేజీ వెడల్పు పంక్తులు, వాటిలో ఈ లోపం పెద్దగా బయటపడదు. అందుకే ఆనీ పరీక్షకు వాడిన మలయాళ వ్యాసాన్నే పత్రిక కాలమ్ వెడల్పులో ముద్రించి బల్ల మీద పెట్టాను. పంక్తి పంక్తికీ తెల్లటి గుంతలు. భాష రాని నాకే కనిపిస్తున్నాయి, మీకు కనబడకపోతే కళ్లద్దాలు మార్చుకోండి అన్నాను. లిమ్ బగ్గును మొదటి శ్రేణిలోకి మార్చాడు, అంటే అది తీరనిదే విడుదల లేదు.

ప్రసాద్ మొదటి ప్రయత్నంలో అక్షరం పైన, దాని గుణింతపు గుర్తు కింది పంక్తిలో పడ్డాయి. ఆనీ అతని పక్కనే కూర్చుని, ఎక్కడ విరవవచ్చో, ఎక్కడ కూడదో చెప్పింది. చివరికి పేజీ కుదిరింది.

మా పద్ధతిలో బగ్గును తెరిచినవాళ్లే, అంటే మొదట పట్టి రాసినవాళ్లే, తీరిందని చూసి మూయాలి. మలయాళంలో మిగిలింది అదొక్కటే. ఆనీకి ఇంకో పని చూపించమని లిమ్‌ను రెండుసార్లు అడిగాను, బడ్జెట్ లేదన్నాడు. ఇక ప్రసాదే, "ఆంటీ, నెమ్మదిగా చూడండి, తొందరేం లేదు" అన్నాడు. ఇప్పుడు తెరిచి ఉంచితే ముందు నువ్వన్నమాటే నిజమవుతుంది కదా అని ఆనీ అతనికి ఇంగ్లీషులో చెప్పి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లేలోపు బగ్గు మూసేసింది. ఆ వారాంతంలో వెళ్లిపోయింది. బొమ్మల రంగు బాగాలేదని బగ్గులు రాస్తూపోయిన వేరే భాష టెస్టరు మాత్రం, అవి మూతపడక, మరుసటి ఏడు కూడా మాతోనే ఉంది.

ఆ తర్వాత ఏ భాషా టెస్టర్ కాంట్రాక్టులోనూ ముగింపు తేదీ లేకుండా నేను సంతకం పెట్టలేదు. ప్రతిసారీ లిమ్‌తో గొడవే. తప్పులు పట్టమని తెచ్చుకున్న మనిషికి, తప్పులు తీరగానే ఉద్యోగం పోయే ఏర్పాటు చేస్తే, ఆ మనిషి ఇచ్చే నివేదికను నమ్మే హక్కు కంపెనీకి ఉండదు. ఆనీ నివేదిక నమ్మదగినదైంది ఆనీ వల్లే. మా పద్ధతి వల్ల కాదు.